జడభరతుని కూడు

భాగవత పంచమస్కంధములోని జడభరతోపాఖ్యానమును ఎరుగని తెలుగు రచయిత అరుదు. పోతన పేర వెలసిన మన భాగవతములో ఆ స్కంధము గంగన రచన. రాజ్యము విడిచిన భరతుడు లేడిపిల్లపై మమకారముచే లేడియై పుట్టెను. పిదప ఆంగిరసగోత్రుడగు ఒక విప్రుని ఇంట జన్మించెను. మరల సంగదోషము తగులునేమో అను భయమున లోకము కంటికి జడునివలె, చెవిటివానివలె, ఉన్మత్తునివలె మెలగెను. తండ్రి వేదము చెప్పబోయి విఫలుడయ్యెను. తండ్రి పోయిన పిదప సవతి అన్నలు చదువు మాన్పించి పొలముపనికి పెట్టిరి. ఈ కథలో మనము సాధారణముగా గుర్తుంచుకొనునది అతడు రహూగణునకు చేసిన తత్త్వోపదేశము. నేను ఇక్కడ గుర్తుచేయదలచినది అంతకు ముందు వచ్చు ఒక చిన్న వివరము. అన్నలు అతనికి పెట్టిన కూడు ఏమి? నూకలు, తెలకపిండి, ఊక, పురుగుపట్టిన గింజలు, కుండకు అంటుకొని మాడిన గోకుడు. సంస్కృతమూలము ఈ పట్టికను శ్రద్ధగా ఇచ్చి, జడుడు దానినే అమృతమువలె భుజించెనని ముగించినది.

ఆ 'అమృతమువలె' అను మాటవద్ద విమర్శకుడు ఒక క్షణము ఆగవలెను. జడభరతుడు నిజముగా జడుడు కాడు. జడవేషమున ఉన్న జ్ఞాని. కనుక తెలకపిండి అతనికి అమృతమైనను కావచ్చును. వేషము కాక, నిజముగనే బుద్ధి మందగించి పుట్టినవానికి తెలకపిండి తెలకపిండియే. వాని పంటినొప్పి పంటినొప్పియే. వాని కథ ఎవరు చెప్పిరి?

ఉపాఖ్యానమును మరల చూడుడు. ఆ జడుని శరీరమును లోకము మూడుమార్లు పరికించినది. అన్నలు పొలము కాపలాకు సరిపోవునా అని చూచిరి. సంతానము కోరి భద్రకాళికి నరబలి ఈయబూనిన దొంగలనాయకుని అనుచరులు, అంగలోపము లేని పశువని ఎంచి కట్టి తెచ్చిరి. రహూగణుని పల్లకి మోయువారు, ఎద్దువలె గాడిదవలె బరువు మోయగల దృఢకాయుడని భుజమునకు బొంగు ఎత్తిరి. మూడుమార్లును ఆ చూపు ఉపయోగమును కొలుచు చూపే. ఆ శరీరము స్థితిని గూర్చి మాట ఎత్తినవాడు కథ మొత్తములో రహూగణుడు ఒక్కడే. పల్లకి కుదుపునకు కోపించి, పాపము అలసితివి గదా, ఒక్కడవే దూరము మోసితివి గదా, ముసలివాడవు గదా అని పలికినాడు. అది పరామర్శ కాదు, ఎత్తిపొడుపు.

పైగా ఆ కుదుపునకు కారణమేమి? కాలిక్రింద చీమ చావకుండుటకై అతడు బాణమంత మేర నేలను చూచి అడుగు వేయుచుండెను. నడకలోని తేడాకు అర్థమున్నది. రాజు దానిని పొగరుగా చదివెను. ఇది పఠనదోషము. పఠనదోషమును గుర్తించుట విమర్శకుని వృత్తి గనుక ఈ విషయమును నేను ఎత్తుకొంటిని. సాహిత్యమున మనము తరతరములుగా చేసిన ఈ దోషమే నేడు ఆసుపత్రులలో మనుష్యుల ఆయువును హరించుచున్నదని నా వాదము.

మేధో వైకల్యము గలవారిని మన కథలు మూడు విధముల చదివినవి. మొదటిది హాస్యము. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి, తమను తాము లెక్కించుకొని, ఎంచువాడు తన్ను ఎంచుకొనుట మరచి, ఒకడు మునిగిపోయెనని ఏడ్చుట మనమందరము నవ్విన కథ. ఆ కథలలో దెబ్బలున్నవి గాని మరునాటికి మిగులు నొప్పి లేదు. రెండవది యోగము. లోకము పిచ్చివాడనుకొన్నవాడు లోపల అవధూత. శరీరము అతనికి పట్టదు, కనుక మనకును పట్టనక్కరలేదు. మూడవది శైశవము. వాడు ఎన్నటికిని పసివాడు, అమాయకుడు, దేవుని బిడ్డ. ఈ మూడింటికిని ఉమ్మడి లక్షణము ఒకటి కలదు. విదూషకునికి, అవధూతకు, నిత్యశిశువునకు వయస్సు రాదు. మోకాళ్ళు అరుగవు, కంటికి శుక్లము కమ్మదు, కడుపు బిగియదు. ప్రతీకకు శరీరముండదు. శరీరము లేనిదానికి రోగముండదు. రోగము లేనిదానికి వైద్యము అక్కరలేదు.

ఇది తర్కముకొరకు అల్లిన మాట కాదు. నా బాల్యమున మా వీధిలో ఒకడుండెను. నలువది యేండ్లు దాటినను ఊరందరికిని అతడు 'చిన్నబాబు'యే. మాట రాదు, పిలిచిన నవ్వును. ఒక వేసవిలో అతడు తల గోడకు కొట్టుకొన నారంభించెను. పిచ్చి ముదిరినదనిరి. తాయెత్తు కట్టిరి. పట్నమునుండి నిద్రమందు తెచ్చి పోసిరి. అయిదారు దినములకు, వేరొకరి ఇంటికి పురుడుపోయ వచ్చిన మంత్రసాని అరుగుమీద కూర్చున్న అతనిని చూచి, "ఏదీ నాయనా, నోరు తెరువు" అని గడ్డము పట్టుకొనెను. దవడపన్ను కుళ్ళి చీము పట్టియున్నది. పన్ను ఊడబీకించిన పిదప అతడు గోడజోలికి పోలేదు. మరి నాలుగేండ్లకు అతడు జ్వరపడి మరణించెను. ఏ జ్వరమని ఎవరును అడుగలేదు. "పుణ్యాత్ముడు, విముక్తుడైనాడు" అనిరి. ఆ 'విముక్తి' అను మాట నన్ను ఇన్నేండ్లును వెంటాడినది. జడభరతోపాఖ్యానమున మోక్షమునకు వాడిన భాషయే మేము అతని మరణకారణమును కప్పుటకు వాడితిమి.

మా వీధిలోనిది ఒంటరి సంఘటన కాదని చూపుటకు లెక్క కావలెను. ఈ అసమానతను మరణము మరణముగా విచారించి ప్రకటించిన దేశములలో ఇంగ్లండు ముఖ్యము. అందుచే అక్కడి లెక్కనే ఉదాహరించుచున్నాను. 2007లో మెన్‌కాప్ అను సంస్థ 'ఉదాసీనతచే మరణము' అను అర్థము వచ్చు శీర్షికతో ఒక నివేదిక వెలువరించెను. అందు మేధో వైకల్యము గల ఆరుగురు వైద్యవ్యవస్థ చేతులలో మరణించిన వృత్తాంతములు కలవు. వారిలో ఒకడు నలువదిమూడేండ్లవాడు. పక్షవాతము వచ్చి మింగలేని స్థితిలో ఆసుపత్రిలో చేరి, ఇరువదియారు దినములు ఆహారము లేకయే ఉండెను. ఆ పిదప మరణించెను. కొట్టినవారు లేరు, తిట్టినవారు లేరు. ఆహారము ఎట్లు అందించవలెనన్న నిర్ణయము ఎవరికి వారు మరియొకరు చేయుదురనుకొనిరి. అన్నల ఇంట జడభరతునకు తెలకపిండియైనను దొరికెను.

ఆ నివేదిక ఫలితముగా సర్ జొనాథన్ మైకేల్ అధ్యక్షతన స్వతంత్ర విచారణ జరిగి 2008లో ముగిసెను. దాని సిఫారసులలో ఒకటి, ఇట్టి మరణములను క్రమముగా పరిశోధింపవలెనన్నది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నైరృతి ఇంగ్లండులో 2010 మొదలు 2012 వరకు జరిగిన 247 మరణములను ఒక్కొక్కటిగా పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. మేధో వైకల్యము గల పురుషులు సాధారణ జనముకంటె 13 ఏండ్లు ముందుగా, స్త్రీలు 20 ఏండ్లు ముందుగా మరణించిరి. మంచి వైద్యమందిన తప్పియుండెడి మరణములు సాధారణ జనమున నూటికి 13 కాగా వీరిలో నూటికి 37. స్త్రీల విషయమున ఆ ఇరువది ఏండ్లను ఒకసారి తలచుకొనుడు. ఒక మనుష్యుని జీవితమున ఇరువది ఏండ్లనగా మనుమలు పుట్టి పెరుగు కాలము.

ఇందు ఒక విభాగము అవసరము. మేధో వైకల్యముతోపాటు వచ్చు రోగములు కొన్ని కలవు. మూర్ఛరోగము వీరిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి కలదు. డౌన్ సిండ్రోముతో పుట్టిన శిశువులలో దాదాపు సగముమందికి గుండెలో పుట్టుకలోపము ఉండును; వారికి థైరాయిడ్ లోపము, పెద్దవయసులో మతిమరపు రోగము ఇతరులకంటె ముందుగా వచ్చును. మింగుటలో ఇబ్బంది వలన ఆహారము ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలుగును. మలబద్ధకము సైతము పట్టించుకొననిచో ప్రాణము తీయగలదు. ఇవి దేహధర్మములు. అయితే గుండెలోపమునకు శస్త్రచికిత్స ఉన్నది. థైరాయిడ్ లోపమునకు దినమునకొక మాత్ర చాలును. మెత్తని అన్నము నిటారుగా కూర్చుండబెట్టి తినిపించిన చాలవరకు న్యుమోనియాను నివారింపవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1980 దశకపు ఆరంభమున డౌన్ సిండ్రోము గలవారి సగటు ఆయువు 25 ఏండ్ల ప్రాంతమున ఉండగా, నేడది 60 ఏండ్ల ప్రాంతమునకు చేరినది. వారి దేహధర్మము మారలేదు. మారినది లోకము వారికి ఇచ్చు వైద్యము. కనుక రోగము వేరు, అసమానత వేరు. మన కథలలో ఈ రెంటిని కలిపి 'విధి' అను ఒకే గంపక్రింద మూసితిమి.

ఆ ముప్పదియేడు మరణములకు ఇంగ్లండు పరిశోధకులు కనుగొన్న హేతువులేవి? రోగనిర్ణయమున జాప్యము, చికిత్సలో జాప్యము, వ్యక్తి అవసరమునకు తగినట్లు పద్ధతులను మార్చుకొనకపోవుట, వెంటనున్నవారి మాట వినకపోవుట. వీనిలో మొదటిదానికి మూలమైన ఒక దోషమును మనస్తత్త్వవేత్త స్టీవెన్ రైస్, అతని సహచరులు 1982లో గుర్తించి పేరు పెట్టిరి. వారు చెప్పినది మనోరోగములను గూర్చి. తరువాతివారు దానిని శారీరకరోగములకును అన్వయించిరి. దానిని నేను తెలుగున 'నీడ కప్పిన నిదానము' అందును. ఆయుర్వేదమున నిదానమనగా రోగహేతువును నిర్ణయించుట. వైద్యుని యెదుట ఒక మనుష్యుడు తల కొట్టుకొనుచున్నాడు, అన్నము నెట్టివేయుచున్నాడు, రాత్రులు కేకలు వేయుచున్నాడు. ఇతరులైనచో నొప్పి ఎక్కడ అని అడుగును. ఈతడు మందబుద్ధి అని చీటీలో ఉన్నది. కనుక ఇది ఆ మాంద్యపు లక్షణమే అని ముగించును. వైకల్యమను పెద్ద నీడ పడి దాని క్రింద పన్ను, కడుపు, చెవి, గుండె అన్నియు చీకటి అయినవి. ఇంగ్లండు ప్రజారోగ్యసంస్థ 2015లో వేసిన అంచనా ప్రకారము, మేధో వైకల్యము గల పెద్దలలో 30,000 మొదలు 35,000 మంది వరకు, తగిన రోగనిర్ణయము లేకయే ప్రతిదినమును మనోరోగపు మందులు మ్రింగుచుండిరి. మా చిన్నబాబునకు పోసిన నిద్రమందు వారికిని దొరకినది.

తెలుగుభాషకు నొప్పి విషయమున గొప్ప సంపద కలదు. పంటికి సలుపు, తలకు పోటు, కాళ్ళకు తీపు, నడుమునకు పీకు, కంటికి మంట, కడుపునకు మెలి. ఏ వైద్యుడైనను ఈ ఒక్క మాటతో సగము నిదానము చేయగలడు. ఈ మాటలు నోట లేనివానికి శరీరమే వాక్యము. గోడకు తల తగిలించుట ఒక వాక్యము. పళ్ళెము నెట్టుట ఒక వాక్యము. దానిని చదువలేకపోయిన తప్పు పాఠకునిదే గాని పాఠ్యమునది కాదు. ఇక్కడనే వైద్యుడును విమర్శకుడును ఒకే పీటపై కూర్చున్నారు.

ఆధునిక ప్రపంచసాహిత్యమున ఈ పఠనదోషమును దిద్ద యత్నించిన రచన ఒకటి, మరల అందులో పడిన రచన ఒకటి, పడి లేచిన రచయిత ఒకడు నాకు కనబడుచున్నారు. ఈ మువ్వురిని విమర్శించి చూతము.

మొదటివాడు విలియం ఫాక్నర్. 1929 నాటి 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' నవల మొదటి భాగమును చెప్పువాడు బెంజీ. ఆ దినము 1928 ఏప్రిల్ 7. అతనికి ముప్పదిమూడేండ్లు నిండిన దినము. నవల పేరే మాక్బెత్ నాటకమున జీవితమును వెర్రివాడు చెప్పిన అర్థరహితమైన కథతో పోల్చిన సందర్భమునుండి వచ్చినది. కాని ఫాక్నర్ చేసినది ఆ పోలికకు విరుద్ధము. బెంజీ గోల్ఫు మైదానపు కంచె ప్రక్కన నిలిచి ఏడ్చును. కాపలా కుర్రవాడు ఊరకొమ్మని గద్దించును. ఇంటివారికి అది అర్థములేని ఏడ్పు. పాఠకునికి మాత్రము క్రమముగా తెలియును: ఆటగాండ్రు బంతుల సంచి మోయువానిని పిలుచు పిలుపు, అతనిని ప్రేమించి ఇల్లు విడిచిన అక్క పేరువలె వినబడుచున్నది, ఆ మైదానము ఒకప్పుడు వారి పచ్చికబీడు. ఏడ్పునకు హేతువు ఉన్నది, చరిత్ర ఉన్నది. రచయిత మనకు నిదానము నేర్పినాడు. లక్షణమును మాంద్యముపై త్రోసివేయక, ముందు ఏమి జరిగినదో వెదకుమన్నాడు. ఆ శరీరముపై జరిగిన హింసను కూడ అతడు దాచలేదు. బెంజీని వృషణచ్ఛేదనము చేయించిరి. కారణము, వీధిలోని బాలికల భయము. అతని చేయి పొయ్యిలో కాలిన ఘట్టము కూడ కలదు. అప్పుడు మందు వేయునది పనిమనిషి డిల్సీ. అతడు చర్చికి వచ్చుట తగదని ఇతరులు గొణుగుచుండ తనతో తీసికొనిపోవునదియు ఆమెయే. ఫాక్నర్ బెంజీని అవధూతగా చేయలేదు. తరువాత 1946లో చేర్చిన అనుబంధమున అతనిని రాష్ట్ర పిచ్చాసుపత్రికి పంపిన సంవత్సరము 1933 అని మాత్రము చెప్పి విడిచినాడు. ఆ గోడల లోపల ముప్పదియెనిమిదేండ్ల శరీరమునకు ఏమి జరిగినదో అతని కలము అనుసరింపలేదు. అంతవరకే ఆ నవల వెలుగు.

రెండవ రచన పెర్ల్ బక్ 1950లో ప్రచురించిన చిన్న పుస్తకము. నోబెల్ బహుమతి పొందిన ఆ రచయిత్రి తన కుమార్తెను గూర్చి, కుటుంబములు ఇట్టి బిడ్డలను దాచుకొను కాలమున, బహిరంగముగా వ్రాసెను. అది ధైర్యము; దానిని తక్కువచేయుట నాకు ఇష్టము లేదు. ఎందరో తల్లులకు అది ఊరట ఇచ్చినది. కాని శీర్షికను చూడుడు: ఎన్నడును ఎదుగని బిడ్డ. ఆ కుమార్తె పుట్టినది 1920లో. పుస్తకము వెలువడునప్పటికి ఆమెకు ముప్పది యేండ్లు. తల్లి 1973లో గతించినది. కుమార్తె 1992 వరకు జీవించినది. ఎదుగని బిడ్డ డెబ్బదిరెండేండ్ల వృద్ధురాలై, తల్లి లేని లోకమున పందొమ్మిదేండ్లు గడపినది. శీర్షిక ఆపివేసిన గడియారమును శరీరము ఆపలేదు. మరియొక విషయము. ఆమెకున్నది ఫినైల్‌కీటోనూరియా అను వ్యాధి అని తరువాత తెలిసినది. ఆహారములోని మాంసకృత్తులయందలి ఒక అంశమును శరీరము మార్చుకొనలేక, అది పేరుకొని మెదడును దెబ్బతీయును. నార్వే వైద్యుడు ఫోలింగ్ దానిని 1934లో కనుగొనెను. 1950 దశకమునుండి పథ్యము, 1960 దశకమునుండి పురిటిబిడ్డల రక్తపరీక్ష వచ్చినవి. పసితనమునుండి పథ్యము పాటించిన మాంద్యమే రాదు. అనగా తల్లి 'ఎదుగకపోవుట' అని వర్ణించినదాని మూలము కూటిలోని ఒక ధాతువు. ఆ జ్ఞానము ఆమె బిడ్డకు అందుటకు కాలము చాలలేదు. తప్పు తల్లిది కాదు. కాని శైశవమను రూపకము ఎంత సులభముగా శరీరమును మరపించునో ఈ శీర్షిక చూపుచున్నది.

మూడవవాడు జపాను రచయిత కెంజబురో ఓయే. 1994లో నోబెల్ పొంది, 2023లో మరణించెను. 1963లో అతని కుమారుడు తలలో తీవ్రలోపముతో పుట్టెను. మరుసటి సంవత్సరమే వెలువడిన 'ఎ పర్సనల్ మేటర్' నవలలో బర్డ్ అను యువకునికి అట్టి శిశువే పుట్టును. తండ్రి పారిపోగోరును. వైద్యునితో ఒక ఒడంబడిక కుదురును: పాలకు బదులు చక్కెరనీరు పోయవలెను, శిశువు క్షీణించి తానే పోవును. ఆధునిక సాహిత్యమున ఇంతకంటె నిష్కర్షగా ఈ అసమానతను చెప్పిన వివరము నేనెరుగను. కత్తి లేదు, విషము లేదు. సీసాలో ఉన్నది పాలా, చక్కెరనీరా అన్నదే ప్రశ్న. ఇంగ్లండు ఆసుపత్రిలోని ఇరువదియారు దినములు, అన్నలు పెట్టిన తెలకపిండి, ఈ చక్కెరనీరు ఒకే పంక్తిలోనివి. బర్డ్ తుదకు మరలివచ్చి శస్త్రచికిత్సకు అంగీకరించును. ఆ మార్పు తొందరగా ముగిసినదని కొందరు విమర్శకులు ఆక్షేపించిరి. వారి ఆక్షేపణకు సమాధానము ఆ నవలలో లేదు. ఓయే తరువాతి రచనలలో ఉన్నది. అతడు ఆ కుమారుని పసివానిగా అక్కడనే విడువలేదు. 1983 నాటి గ్రంథమున, బ్లేక్ కవితను తోడు తెచ్చుకొని, ఇరువది యేండ్లకు చేరుచున్న కుమారుని బరువు, మూర్ఛలు, కోపము, భయములతో సహా వ్రాసెను. అందు తండ్రి గౌటువ్యాధిచే వాచిన తన పాదమును గూర్చి చెప్పిన తలపోత ఒకటి కలదు. తండ్రి ముఖమునకు జంకు కుమారుడు ఆ పాదమును మాత్రము ప్రేమతో దరిచేరి, దానితోనే మాటలాడును. తండ్రిని కాదు, నొప్పి ఉన్న చోటును పలుకరించును. వైద్యశాలలు అతనివంటివారియెడ చేయని పనిని అతడే చేసి చూపినాడు. ఓయే దానికి యోగరహస్యము అంటగట్టలేదు. ఒక రోగి పాదము, ఒక యువకుని చేయి, అంతియే.

ఇక మన ఇంటికి వత్తము. 2011 జనగణన మన దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులను లెక్కించి, అందు 15 లక్షలమందిని బుద్ధిమాంద్యము గలవారిగా చేర్చెను. ఈ రంగమునకు ఏర్పడిన జాతీయసంస్థ 1984లో వెలసినది సికిందరాబాదుననే. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టము, దాని క్రింద లక్ష రూపాయలవరకు ఆరోగ్యభీమా ఇచ్చు 'నిరామయ' పథకము వచ్చినవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆసుపత్రులలో అవరోధములేని ప్రవేశమును, చూపించుకొనుటలోను చికిత్సలోను ప్రాధాన్యమును విధించినది. చట్టము అక్షరము మంచిది. అయితే 1994లో పూణేలో జరిగినదానిని మరువరాదు. ప్రభుత్వ గృహమున నివసించు మేధో వైకల్యము గల యువతులకు, ఋతుకాలపు శుభ్రతను సాకుగా చూపి, గర్భాశయములను తొలగించిరి. దేశమంతట నిరసన రేగినది. ఆ యువతుల శరీరములలో సంస్థ కంటికి కనబడిన అవయవము అది ఒక్కటి. రహూగణుని పల్లకి మోయువారు భుజమును చూచినట్లే, ఇదియు తమ సౌకర్యము కొలుచు చూపు.

మన ఇండ్లలో ఈ శరీరవాక్యములను చదువగలది తరచుగా తల్లి ఒక్కతెయే. కనుబొమ ముడిచిన చెవిపోటు, ముద్ద వదలిన కడుపునొప్పి అని ఆమెకు తెలియును. ఆ నిఘంటువు ఆమె తలలో తప్ప మరెచ్చటను వ్రాసి లేదు. 'నా తరువాత వీడికెవరు' అని ఆమె అడుగునప్పుడు మనము దానిని కన్నీటి వాక్యముగా చదువుచున్నాము. అది అన్నవస్త్రములను గూర్చిన ప్రశ్న మాత్రమే కాదు. పాఠకుడు పోయిన పిదప పాఠ్యమునకు గతి యేమి అన్న ప్రశ్న. ఇంగ్లండులో పదునాలుగేండ్లు దాటిన ప్రతివారికిని ఏటేటా శరీరపరీక్ష జరుపు ఏర్పాటు వచ్చుటకు ఇదియే హేతువు: నొప్పి అని చెప్పువరకు వేచియుండరాదు, పోయి అడుగవలెను.

మన కథానికలలో, చలనచిత్రములలో ఈ పాత్రలు లేకపోలేదు. 1986 నాటి 'స్వాతిముత్యం' చిత్రము శివయ్యను మనుమల నడుమ వృద్ధునిగా చూపుటతో ఆరంభమగుట అరుదైన ఔదార్యము. అతనికి వయస్సు వచ్చునని ఒప్పుకొనినది. అయినను పేరు ముత్యము. కల్మషము లేని ప్రతీక. మనము ఇంకను ముత్యమునే కోరుచున్నాము, ముత్యమునకు చక్కెరవ్యాధి వచ్చునని ఒప్పుకొనుట లేదు.

దీనికొక ఆక్షేపణ రాగలదు. సాహిత్యము ఆసుపత్రి కాదు. ప్రతీక కవి హక్కు. జడభరతుని తత్త్వమును పంటినొప్పితో కొలుచుట రసభంగము. నేను ప్రతీకను నిషేధింపుమనుట లేదు. భాగవతకర్త తన ప్రతీకకు కూడ కూటి పట్టిక వ్రాసెనని గుర్తుచేయుచున్నాను. ఆ పట్టిక లేనిచో అన్నల నిర్దయ మనకు తెలియదు. నడక తేడాకు చీమల కారణము చెప్పనిచో రాజు తప్పు మనకు తెలియదు. శరీరవివరము తత్త్వమునకు అడ్డు కాలేదు; ఆధారమైనది. మనము వారసత్వముగా తత్త్వమును ఉంచుకొని పట్టికను పారవేసితిమి. కథలో ఇట్టి పాత్రను ప్రవేశపెట్టు రచయిత ఆ పాత్ర పండ్లను చూచెనా, కంటికి అద్దములు కావలెనేమో ఆలోచించెనా, ఏ మందు ఎందులకు మ్రింగుచున్నాడో ఎరుగునా, ఆసుపత్రిలో వైద్యుడు ఎవరి ముఖము చూచి మాటలాడెనో గమనించెనా అని అడుగుట విమర్శకుని అధికారము. ఇది జాలికొరకు కాదు. పాత్ర సత్యమగుటకు.

పరమానందయ్య శిష్యుల లెక్కలో ఎంచువాడు తన్ను మరచినాడు. మన లెక్కలో మరచినది ఎంచుకొనలేనివానిని. దారిన పోవువాడు వచ్చి శిష్యులకు లెక్క సరిచేయును. ఆ బాటసారి పని రచయితది.

ఉపాఖ్యానము తుదిభాగమున రహూగణుడు తన పఠనదోషము గ్రహించి పల్లకి దిగి జడుని పాదములకు మ్రొక్కెను. అతడు దిగినది యెదుటివాడు జ్ఞాని అని తెలిసినందున. బోయీ నిజముగనే జడుడైయుండినచో దిగియుండునా? ఆ ప్రశ్నకు పురాణము సమాధానము చెప్పలేదు. అది మనకు విడిచినది. దిగి అడుగవలసిన మాట క్రొత్తది కాదు. రాజు ముందే అడిగినాడు. అందులోని ఎత్తిపొడుపు ఒక్కటి తీసివేసి, బదులు వచ్చువరకు నిలిచి, మరల అడిగిన చాలును: అలసితివా నాయనా? నొప్పి ఎక్కడ?